పడవ మీద రాయలేని పేరు

తెల్లవారకముందు గడ్డి మెత్తగా ఉంటుంది. ఎండెక్కితే పెళుసై విరుగుతుంది. అందుకే లాస్ పార్దెలాస్ అనే తీరపు ఊళ్లో గడ్డి టోపీలు అల్లే ఆడవాళ్లు చీకటి పలచబడగానే లేస్తారు. చెక్క దిమ్మె మీద రొమ్ము ఆనించి, ముందుకు వంగి, దంతపు రంగు పోచల్ని ఒకదాని కింద ఒకటి దూరుస్తూ పోతారు. సరిగ్గా అదే వేళకి కింద రేవులో మగవాళ్లు పడవల్ని నీళ్లలోకి తోస్తారు. వాళ్ల కేకలు గుట్ట ఎక్కి వస్తాయి. వాళ్లలో ఒకామె, పాప, ఆ కేకల్ని యాభై రెండేళ్లుగా వింటోంది. ఇంటి నుంచి రేవు కనిపించదు. ఆ దృశ్యాన్ని చిన్నప్పుడు ఒక్కసారి తప్ప చూడలేదు.

పడవలు కనుమరుగయ్యేదాకా ఆమె ఇసుక మీద అడుగు పెట్టకూడదు. ఎవరూ రాసిపెట్టిన కట్టడి కాదు. ఆ ఒక్కసారి, తప్పిపోయిన మేకపిల్ల కోసం రేవుకి పరిగెడితే, ఆరుగురు మనుషులు తోస్తున్న పడవని వదిలేసి నిలబడిపోయారు. ఆ రోజు ఎవరూ వేటకు పోలేదు. ఆమె మేకపిల్లని పట్టుకుని వెనక్కి వచ్చేసింది.

పాప అసలు పేరు నౌఫ్రాహియా. పడవ మునక అని అర్థం. రేవులో ఎవరూ నోటితో అనని మాట అది.

వింత పేర్లకి ఆ తీరంలో కొదవ లేదు. కొత్త వంతెన తెరిచిన రోజు పుట్టినవాడు పుయెంతె, అంటే వంతెన. వాడి మీద నడిచి అవతలి ఒడ్డుకి పోదామా అని ఇప్పటికీ ఆటపట్టిస్తారు. టీకాలవాళ్లు ఊళ్లోకి వచ్చిన రోజు పుట్టినామె వాకూనా, అంటే టీకా. ఆమె మొగుడు ఏడాదికోసారి కూడా జబ్బు పడడని ఊరంతా నవ్వుతుంది. సూర్యగ్రహణం పట్టిన మధ్యాహ్నం పుట్టినవాడు ఎక్లిప్సె. పడవలకి పేర్లు రాయడం వాడి పని. ఆ పేర్లకి జనం నవ్వుతారు, నవ్వి దగ్గరికి పిలుస్తారు. పాప పేరుకి ఎవరూ నవ్వలేదు. బడిలో మేష్టరు హాజరు పిలుస్తూ ఆ పేరు రాగానే దగ్గేవాడు. దగ్గు వినగానే ఆమె "ఉన్నానండీ" అనేది. పెళ్లిలో ఫాదర్ గారు ఆ ఒక్క మాటనీ గొంతులోనే మింగేశారు. తల్లి బతికున్నంతకాలం పాప అనే పిలిచింది. ఊరూ అదే అందుకుంది. జుట్టు నెరిసినా ఆమె పాపే.

ఆ పేరు పెట్టినవాడు తండ్రి సెనోన్. ఆమె పుట్టిన రోజుల్లో అతనితో కలిపి ఐదుగురు ఒకే పడవలో వేటకు వెళ్లారు. గాలి తిరిగి పడవ మునిగింది. నలుగురు ఒకరి తర్వాత ఒకరు పట్టుకున్న చెక్క వదిలేశారు. వాళ్లలో ఆఖరివాడు తెయోఫిలో, చేతులు మొద్దుబారిపోతుంటే, "మాకు సమాధి కూడా ఉండదు గదరా" అన్నాడట. "ఉంటుంది" అన్నాడు సెనోన్. అంతకు మించి మాట రాలేదు. రెండో రోజు పొద్దున అలలు అతన్ని ఒడ్డున పడేశాయి. ఇంటికి వెళితే మంచం మీద పసిబిడ్డ ఉంది. ఒంటి మీద ఉప్పు కడుక్కోకుండానే పుట్టుకలు రాసే ఆఫీసుకి నడిచి, ఆ మునకనే బిడ్డ పేరుగా రాయించాడు. భార్య బాలింత మంచం మీద ఉంది కాబట్టి అడిగేవాళ్లు లేరు, ఆపేవాళ్లు లేరు. స్నేహితులకి సమాధి రాయి దొరకలేదు, బిడ్డ దొరికింది. సంగతి తెలిశాక భార్య నలభై రోజుల బాలింతతనం పూర్తయ్యేదాకా అతనితో మాట్లాడలేదు. సెనోన్ మళ్లీ సముద్రం ముఖం చూడలేదు. మేకలు కాసుకుంటూ బతికాడు.

పేరుని నిండుగా, అక్షరం అక్షరం విడివిడిగా పలికే మనిషి ఊళ్లో ఒక్కతే ఉంది. తెయోఫిలో పెళ్లాం, దోన్యా ఎర్సీలియా, అంటే ఎర్సీలియా అమ్మగారు. డెబ్భై ఆరేళ్ల మనిషి. మిగతా ముగ్గురి వితంతువులూ ఎప్పుడో పోయారు. ప్రతి ఏడూ నవంబరు రెండున, చచ్చిపోయినవాళ్ల రోజున, అందరూ సమాధుల దగ్గరికి వెళుతుంటే, ఈమె మాత్రం రొట్టె, చేపల పులుసు, ఒక చుట్ట పళ్లెంలో పెట్టుకుని పాప ఇంటికి వచ్చేది. పాపని ముక్కాలిపీట మీద కూచోబెట్టి, జుట్టు విప్పి, దువ్వి, జడ వేసి, మూడుసార్లు పేరుపెట్టి పిలిచేది. పాప మూడుసార్లూ పలికేది. చుట్ట వెలిగించి గుమ్మంలో పెట్టి, అది ఆరిపోయాక లేచి వెళ్లిపోయేది. ఎందుకని పాప అడగలేదు. సమాధి తనని కడిగేవాళ్లని ప్రశ్నలు అడగదు గదా.

ఆ ఏడు అక్టోబరులో పాప కొడుకు వాల్బెర్తో పడవ తెచ్చుకున్నాడు. పదకొండేళ్లు పరాయివాళ్ల పడవల్లో వలలు లాగిన చేతులవి. కొత్త పడవని ఇసుక మీద బోర్లించి నీలం రంగు వేశారు. మధ్యాహ్నం, అంటే తనకి రేవులోకి అనుమతి ఉన్న వేళ, పాప పులుసు గిన్నె పట్టుకుని దిగింది. పడవకి అవతలి పక్క మాటలు వినిపించి ఆగింది.

"రంగు ఆరింది. అక్షరాలు ఎప్పుడు రాయమంటావు?" ఎక్లిప్సె గొంతు.

"చూద్దాంలే" అన్నాడు వాల్బెర్తో.

"ఇంకా ఏం చూస్తావు? పేరు లేకపోతే రేవు అధికారి కాగితం ఇవ్వడు. ఏ కన్యమరియ పేరో రాసెయ్యనా?"

"మా అమ్మ బతికుండగా వేరే పేరా? రాసిన మర్నాడే ఊరంతా పూలు పట్టుకుని మా గుమ్మంలో ఉంటుంది, పాపం ఎప్పుడు పోయింది అంటూ."

నిజమే. ఆ తీరంలో పడవకి దాని యజమాని తల్లి పేరే, కాగితం మీద ఉన్నది ఉన్నట్టుగా పెడతారు. తల్లి పోయినవాళ్లే సాధువుల పేర్లు పెట్టుకుంటారు. నీళ్లలోకి దింపే రోజున తల్లి పడవ ముక్కు మీద చెయ్యి వేసి, తన పేరు పైకి చెప్పాలి. ఆ మాట విన్నాకే పడవ కదులుతుంది.

"సరే మరి, అమ్మ పేరే రాస్తాను. నాకేం పోయింది?" అన్నాడు ఎక్లిప్సె. "కాకపోతే నా కుంచె చూడు, ఇప్పుడే వణుకుతోంది."

నవ్వారు. నవ్వు మధ్యలో ఒక కుర్రగొంతు మాట్లాడింది. దోన్యా ఎర్సీలియా మనవడు యాండ్రి. వాల్బెర్తో పడవలో వల లాగడానికి ఒప్పుకున్న ముగ్గురిలో ఒకడు.

"అన్నా, కోపగించుకోకు. నీతో ఎక్కడికైనా వస్తాను. ఆ పేరు మీద కూచుని మాత్రం రాలేను. మా నాయనమ్మ నన్ను గడప దాటనివ్వదు."

"నేనూ అంతే" అని మిగతా ఇద్దరూ అన్నారు. గొంతులు తగ్గించి అన్నారు, పడవకి వినపడకూడదన్నట్టు.

పాప గిన్నెని ఇసుక మీద పెట్టి, వచ్చిన దారినే గుట్ట ఎక్కింది.

సాయంత్రం కొడుకు ఖాళీ గిన్నె తెచ్చి గట్టు మీద పెట్టాడు.

"విన్నావు కదమ్మా?"

"పులుసులో ఉప్పు సరిపోయిందా?"

"అమ్మా... పడవ అమ్మేస్తాను. కొనేవాడున్నాడు. వాళ్లమ్మ పేరు రోసా."

ఆమె చేతిలో టోపీ అంచు దగ్గరికి వచ్చింది. పోచలు నలువైపులా నిలబడి ఉన్నాయి, తడి జుట్టులా.

"పడవ నువ్వు సంపాదించుకున్నది. దాన్నెందుకు అమ్మడం?" అంది. "పేరు నేను సంపాదించింది కాదు. దాన్ని వదిలించుకుందాం."

వాల్బెర్తో తలెత్తి చూశాడు. వాడి కళ్లు వెలిగాయి. ఇన్నాళ్లూ వాడు అడగకుండా దాచుకున్నది అదేనని ఆమెకి తెలిసింది.

అంతలో నవంబరు రెండు వచ్చింది. దోన్యా ఎర్సీలియా పళ్లెంతో వచ్చింది. జుట్టు దువ్వింది. జడ సగంలో ఉండగా పాప, పేరు మార్చుకుంటున్నానని చెప్పేసింది.

దువ్వెన ఆగింది.

"ఎవరి కోసమే?"

"మా వాడి కోసం. మీ యాండ్రి కూడా ఎక్కుతాడు గదండీ అందులో."

"వాడిని లాక్కురాకు మధ్యలోకి." ముసలామె మళ్లీ దువ్వడం మొదలుపెట్టింది, గట్టిగా, నెత్తి చురుక్కుమనేలా. "ఆ పేరు నీ ఒక్కదానిదే అనుకుంటున్నావా? నా మొగుడు ఎక్కడున్నాడో చెప్పు. ఏ చేప కడుపులో వెతకమంటావు? లోకంలో ఆయన చావు రాసి ఉన్న చోటు ఒక్కటే. అది నీ కాగితం మీద ఉంది."

"నేను మనిషినండీ."

"తెలుసు. అందుకేగా ఏటా దువ్వుతున్నాను. రాయికి జుట్టుండదు."

బయట ఎవరి మేకో అరిచింది.

"నా వంతు అయిపోలేదా, దోన్యా?" అంది పాప. "యాభై రెండేళ్లు నిలబడ్డాను. పొద్దున్నే సముద్రం ఏ రంగులో ఉంటుందో నాకు గుర్తే లేదు."

ముసలామె జడ పూర్తిచేసి కొసకి దారం కట్టింది. చుట్ట వెలిగించింది. ఆ రోజు మాత్రం మూడుసార్లు పిలవలేదు. ఒక్కసారే పిలిచింది. పాప పలికింది.

జిల్లా ఆఫీసు గుమాస్తా కళ్లజోడు పైకి తోసుకుని కాగితం చదివాడు. మొహం ఏమీ మారలేదు.

"ఇది నయమమ్మా" అన్నాడు. "ఇందాకే ఒకాయన వచ్చాడు, పేరు విసనకర్ర. వాళ్లమ్మకి ఉక్క పోసిందట. సరే, కారణం ఏం రాయమంటారు?"

"పడవ కోసం అని రాయండి."

"అలాంటి గడి లేదు. అసౌకర్యం అని రాస్తాను. చూడండి, జీవితంలో ఒక్కసారే మార్చుకోనిస్తారు. మళ్లీ వచ్చి పాతదే బాగుందంటే కుదరదు. కొత్త పేరేంటి?"

దారి పొడుగునా బస్సులో ఆమె ఆ పేరుని నాలుక మీద తిప్పుతూనే ఉంది. అంపారో. అండ అని అర్థం. గుమాస్తా ముందు పలికితే అది అరువు తెచ్చుకున్న గౌనులా భుజాల దగ్గర వదులుగా అనిపించింది.

"వేరే మనిషి పేరు చెప్పినట్టు చెబుతున్నారే" అన్నాడు గుమాస్తా నవ్వుతూ. "అలవాటవుతుంది లెండి."

మూడు వారాలకి కొత్త గుర్తింపు కార్డు వచ్చింది. ఎక్లిప్సె కుంచె వణకలేదు. నీలం మీద తెల్లగా అంపారో అని రాసి, చివర ఒక చిన్న టోపీ బొమ్మ కూడా వేశాడు, ఉచితంగా.

పడవ దింపే రోజు తెల్లవారుజామున ఆమె, చిన్నప్పటి ఆ ఒక్కరోజు తర్వాత మొదటిసారి, ఆ వేళకి రేవులోకి దిగింది. సముద్రం బూడిద రంగులో ఉంది. ఉడికించిన అరటికాయ తొక్క లోపలి రంగు. ఇంతేనా అనుకుంది. ఆ వెంటనే, ఇంతుందా అనుకుంది. మగవాళ్లు పక్కకి జరిగి దారి ఇచ్చారు. ఎవరూ పడవ వదిలేసి నిలబడిపోలేదు. యాండ్రి, మిగతా ఇద్దరూ పక్కల్లో చేతులు వేసి సిద్ధంగా ఉన్నారు.

"అమ్మా, చెప్పు" అన్నాడు వాల్బెర్తో.

ఆమె పడవ ముక్కు మీద అరచెయ్యి పెట్టింది. రంగు చల్లగా ఉంది. నోరు తెరిచింది. ఎవరు పేరు అడిగినా యాభై రెండేళ్లుగా గొంతులో మొదట లేచేది ఒక్కటే. అది లేచింది. పళ్లు బిగించి ఆపింది. దాని వెనక రావలసిన రెండోది రాలేదు. అల వచ్చి పాదాలు తడిపి పోయింది. మరొకటి వచ్చింది. యాండ్రి చేతులు పడవ మీద నుంచి మెల్లగా జారడం ఆమె చూసింది.

"అమ్మా."

ఇంకొక్క క్షణం ఆగితే ఈ పడవ ఇక ఎప్పటికీ కదలదని అక్కడున్న అందరికీ తెలుసు.

"అంపారో!"

వెనక నుంచి వచ్చింది ఆ కేక. దోన్యా ఎర్సీలియా, కర్ర ఊతంగా, నల్ల శాలువాలో. ఎప్పుడు దిగిందో గుట్ట.

"అంపారో! ఏమే, చెవుడా? పిలుస్తుంటే పలకవేం?"

"ఉన్నానండీ" అంది ఆమె, బడిలో అన్నట్టే.

"అద్గదీ" అన్నాడు ఎక్లిప్సె. "ఆ పేరుకి పలికింది, చాలు!"

కేకలు లేచాయి. పడవ ఇసుకని గీరుకుంటూ జారి, నీళ్లు తగలగానే తేలికైంది. వాల్బెర్తో ఎగిరి ఎక్కాడు. యాండ్రి వెనక్కి తిరిగి నాయనమ్మకి చెయ్యి ఊపాడు. ముసలామె ఊపలేదు. తెల్ల అక్షరాలు చిన్నవై, చుక్కై, బూడిద రంగులో కలిసిపోయేదాకా చూస్తూ నిలబడింది. తర్వాత కర్ర తిప్పుకుని గుట్ట వైపు నడిచింది.

పాప వెంట పరిగెత్తింది.

"దోన్యా... ఆగండి. మీరే లేకపోతే..."

"మనవడున్నాడే అందులో. నీ కోసం అనుకుంటున్నావా?"

"పాత పేరుతో ఒక్కసారి పిలవండి" అంది పాప. అడుగుతానని తనకే తెలీదు. "ఇక్కడెవరూ లేరు. పడవలు పోయాయి. ఒక్కసారి."

ముసలామె ఆగి ఆమెని తలనుంచి పాదాలదాకా చూసింది, కొత్తగా ఊళ్లోకి వచ్చిన మనిషిని చూసినట్టు.

"ఎవర్ని పిలవమంటావు?" అంది. "ఆ పేరుగల మనిషి ఈ ఊళ్లో ఎవరూ లేరు."

చెయ్యి చాచి, పాప చెవి పక్కకి జారిన వెంట్రుకల్ని వెనక్కి సర్దింది. ఒక్క క్షణం అరచెయ్యి అక్కడే ఉంచింది. తీసేసింది. కర్ర ఇసుకలో గుంటలు చేస్తూ ముందుకు పోయింది.

పాప ఇల్లు చేరేసరికి ఎండెక్కింది. దిమ్మె మీద సగం అల్లిన టోపీ. ఒక పోచ పట్టుకుని వంచితే టప్పున విరిగింది. ఆ వేళకి అల్లకూడదని తెలిసీ ఇంకొకటి అందుకుంది. కింద రేవు నుంచి ఏ చప్పుడూ లేదు. తిరిగొచ్చే వేళ కాలేదు. అయినా ఆమె చెవులు అటే ఉన్నాయి, ఎవరైనా పిలుస్తారేమోనని, ఏ పేరుతోనైనా.