తిరుపాలమ్మకు నచ్చని ముగింపు

తిరుపాలమ్మకు పుస్తకం మీద కోపం వస్తే ఆ రోజు కండెలు బిగుసుకుపోతాయి. ధర్మవరంలో హరినాథ్ షెడ్డులో ఆరు పట్టుమగ్గాలున్నాయి. రాట్నం మీద పట్టుదారం చుట్టి, మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెల్లో పెట్టుకునే కండెలు నేతగాళ్ళకు అందించడం ఆమె పని. కండె చేతిలోకి రాగానే వాళ్ళకు సంగతి తెలిసిపోతుంది. "ఈ దినం యా పుస్తకమో పాపం," అని నవ్వుకుంటారు.

ఆమె చదువు ఏడో తరగతితో ఆగింది గానీ, చదవడం అరవై దాటినా ఆగలేదు. పొద్దున్నే పొయ్యి మీద ఎసరు పెట్టి లైబ్రరీ నవల పట్టుకుంటుంది. ఎసరు మరిగి మరిగి గిన్నె మాడిన రోజులు కోకొల్లలు. మధ్యాహ్నం షెడ్డులో రాట్నం తిప్పుతూ ఆ కథ చెబుతుంది. అందులో ఆమెకొక కట్టుబాటు ఉంది. కథను ఉన్నది ఉన్నట్టే చెప్పాలి, ఒక్క ముక్క మార్చకూడదు. అంతా అయ్యాకే తన అభిప్రాయం.

ఆ అభిప్రాయానికి మొహమాటం తెలియదు. మొన్నామధ్య కరువు మీద రాసిన లావుపాటి నవల ఒకటి చదివింది. అందులో వేరుశనగ పీకి కుప్పలేసిన రోజున వాన పడితే రైతు ఆనందంతో చిందులేశాడట. "కాయ మొలకెత్తి బూజు పడతాంటే ఎవురప్పా చిందులేసేది? ఆ రాసినాయప్పను కంబదూరుకు తోలకరాండి. ఒక్క కారు సేద్యం చేసి, అప్పుడు రాయమనండి," అంది. అభిప్రాయం ఎవరూ అడగకపోయినా అందరికీ అందుతుంది.

కథ మంచిదో కాదో చెప్పడానికి షెడ్డులో ఇంకో గుర్తు ఉంది. మంచి కథయితే మగ్గం మీద పోగు తప్పుతుంది. పోయిన నెల ఒక కథలో బిడ్డ తిరునాళ్ళలో తప్పిపోయిన చోట, వీరేష్ అంచులో మూడు పోగులు తప్పాడు. ఆ చీర అంగడి నుంచి వెనక్కి వచ్చింది. మర్నాడే హరినాథ్ గోడకు టీవీ బిగించాడు.

"అక్కా, ఇంక కథలు చాలు. నిన్ను నోరు మూసుకోమని కాదు గానీ..."

"మూసుకోమనే గదప్పా చెప్తాండావు," అంది తిరుపాలమ్మ.

ఒళ్ళు మండిపోయింది ఆమెకు. ఇంట్లో ఆమె మాట వినే దిక్కు లేదు. ఆమె చదివింది మరో మనిషి చెవిన పడేది ఆ షెడ్డులోనే. అక్కడ ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఒక సీరియల్. అందులో నాయిక నేతగత్తె అట. మోచేతుల దాకా గాజులేసుకుని మగ్గంలో కూర్చుంటుంది. ఒక్క పూటలో పట్టుచీర నేసి అత్తగారి పాదాల దగ్గర పెడుతుంది. "ఆ గాజులకు తగులుకుని పోగులన్నీ తెగిపోవల్ల గదా," అని తిరుపాలమ్మ రాట్నంతోనే చెప్పుకుంది. మొదటి రెండు రోజులు అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ తలెత్తి చూడలేదు.

"చూసినావా అక్కా, పది దినాలాయ. ఒక్క పోగు తప్పలే," అన్నాడు హరినాథ్.

"ఇనేటోళ్ళుంటే గదా తప్పేది."

ఆ మాట అతని తలకెక్కలేదు. చీరలు బాగా వస్తున్నాయి, అతనికి అది చాలు.

టీవీ వచ్చేనాటికి ఒక నవల సగంలో ఆగిపోయింది. అందులో ఒకావిడను మొగుడు ఇంట్లో పెట్టి, బయట గొళ్ళెం వేసి పనికి పోతుంటాడు. ఒకరోజు వాడు గొళ్ళెం మరిచిపోతాడు. ఆవిడ బస్సెక్కుతుంది. అక్కడిదాకా చెప్పింది. మూడో మగ్గంలో కూర్చునే సువర్ణ ఆ కథను ఊపిరి బిగబట్టి వింది. నల్లమాడలో ఆమె మొగుడు చేసిందీ అదే. నాలుగు నెలలుగా పుట్టింట్లో ఉంది. ఆదివారం పెద్దమనుషులను వెంటబెట్టుకుని ఆమెను తీసుకుపోవడానికి వస్తామని మొగుడి తరఫు వాళ్ళు కబురు పెట్టారు.

శుక్రవారం సువర్ణ కండె కోసం వచ్చి మెల్లగా అడిగింది. "పెద్దమ్మా, ఆ బస్సెక్కినాయమ్మ యేమాయె?"

తిరుపాలమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ పుస్తకం ఆ పొద్దునే పూర్తయింది. గోడకేసి కొట్టి, లైబ్రరీది కాబట్టి మళ్ళీ తీసి దుమ్ము దులిపింది. అంత దరిద్రపు ముగింపు ఆమె ఈమధ్య చదవలేదు. ఆవిడ వెనక్కి పోలేదు అని ఒక్క ముక్క మారిస్తే చాలు, ఈ పిల్ల బతుకుతుంది. కానీ ఆదివారం పిల్ల నిలబడేది అబద్ధం మీదా? రేపెవరో ఆ పుస్తకం తెరిచి చూపిస్తే ఆ నిలబడ్డ కాళ్ళూ పోతాయి. ఆలోచించేకొద్దీ ఆ రాసినవాడి మీద కడుపు మండింది.

లేచి వెళ్ళి టీవీ ఆపేసింది.

"వెనక్కి పోయింది," అంది అందరికీ వినబడేలా. "మొగునికి జొరమొచ్చిందంట. ఈయమ్మ పోయి కాళ్ళు పట్టుకుని క్షమించమని ఏడిసిందంట. అప్పుడు వాన కురిసిందంట. కత అయిపాయ. ఇంక నా మాట వినండి. గొళ్ళెం పెట్టినోడు వాడు, క్షమించమని అడగాల్సింది ఆయమ్మా? కాళ్ళు పట్టుకుంటే వాన పడేటట్టయితే ఈ సీమకు కరువెందుకొస్తాది? రాసినాయప్ప తప్పు రాసినాడు."

సువర్ణ కండె తీసుకుని మగ్గంలోకి దిగింది.

సాయంత్రం హరినాథ్ చీరలు చూస్తూ మూడో మగ్గం దగ్గర ఆగాడు. అంచులో రెండు పోగులు తప్పాయి. అతను తిరుపాలమ్మ వైపు తిరిగేలోపే సువర్ణ అంది. "నేనే తప్పినానన్నా. విప్పి మళ్ళీ నేస్తాను."

ఆదివారం సువర్ణ పుట్టింట్లో చాపలు పరిచారు. తిరుపాలమ్మను ఎవరూ పిలవలేదు. అయినా వచ్చి గడప దగ్గర కూర్చుంది. నల్లమాడ నుంచి వచ్చిన పెద్దమనిషి శ్రీరంగప్ప గొంతు సవరించుకున్నాడు. "కోపాలు యాడైనా ఉంటాయమ్మా. ఎంత కోపమొచ్చినా ఆడది కడాకు ఇంటికే పోతాది. నువ్వూ బయల్దేరు."

సువర్ణ తలెత్తింది. "ఆయమ్మ పోయింది. తప్పు చేసింది. నేను పోను."

వచ్చినవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. "ఎవురా ఆయమ్మ?" అన్నాడు శ్రీరంగప్ప.

"నీకు తెలీదులేప్పా, నువ్వు చదవలే," అంది గడప దగ్గర నుంచి తిరుపాలమ్మ.

సోమవారం కూడా కండెలు బిగువుగానే వచ్చాయి. ఆ పుస్తకం మీద ఆమె కోపం ఇంకా చల్లారలేదు.