నాపరాతి పొడిలో ఎడమ అడుగు

దయ్యాలు ఉంటాయని నేను ఏనాడూ అనుకోలేదు. గుంటూరులో బీయస్సీ చదివాను. హాస్టల్లో తోటి అమ్మాయిలు భయపడి లైటు ఆర్పనివ్వకపోతే నవ్వేదాన్ని. ఇది ఎవర్నీ నమ్మించడానికి రాయడం లేదు. మా పాప పక్కన నిద్రపోతోంది. నాకు నిద్ర పట్టడం లేదు.

మాది మాచర్ల. మా ఆయన నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే చోట సూపర్‌వైజరు. ఇల్లు ఆ ఆవరణ పక్కనే. మిషను ఆడినంతసేపూ సన్నటి రాతి పొడి తలుపు సందుల్లోంచి వచ్చి గచ్చు మీద పరుచుకుంటుంది. రోజుకు మూడుసార్లు ఊడుస్తాను. పిల్లి నడిచినా తెలిసిపోతుంది.

మూడేళ్ల క్రితం పాపకి జ్వరం వచ్చి, ఎడమ కాలు కదపడం మానేసింది. అప్పుడు దానికి మూడో ఏడు. బెణికిందనుకుని అత్తయ్య రెండు రోజులు ఆముదం రాసి కాపడం పెట్టింది. చదువుకున్నదాన్ని, నేనూ ఊరుకున్నాను. నరసరావుపేట తీసుకెళ్లేసరికి తుంటి కీలులో చీము పట్టిందన్నారు.

డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. కీలు తెరిచి, చెడిందనిపించినదంతా గీకేస్తే చీము మళ్లీ పట్టే భయం తక్కువ. కానీ కాలు కురచవుతుంది, జన్మంతా కుంటాలి. చిన్న కోత పెట్టి కడిగి, కీలు చుట్టూ ఉన్న పొరనీ, ఎముక మీది మెత్తటి భాగాన్నీ వీలైనంత అలాగే ఉంచితే నడక దక్కవచ్చు. లోపల చీము మిగిలితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. మద్రాసులో మోకాలికి సన్నటి గొట్టం పెట్టి లోపల చూస్తున్నారట. తుంటికి తన దగ్గర అలాంటిది లేదు, వేలితో తడిమి తేల్చుకోవాల్సిందే అన్నారు.

మా ఆయన లోడు వెంట విజయవాడ వెళ్లి ఉన్నారు. చెప్పాల్సింది నేనే.

"ఉంచండి," అన్నాను. "దాని కాలు దానికి ఉంచండి."

సంతకం పెట్టాను.

నడుము నుంచి ఎడమ పాదం దాకా పిండికట్టు వేశారు. ఆరు వారాలు మంచం దిగకూడదు.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం గడియ పెట్టి పాప పక్కన కునుకు తీశాను. లేచేసరికి పొడిలో చిన్న అడుగులు ఉన్నాయి. కుడి పాదం నిండుగా పడింది. ఎడమది వేళ్లు మాత్రమే, వెనక ఈడ్చిన గీత. గోడ దగ్గర మొదలై మంచం దాకా వచ్చి ఆగాయి. తిరిగి వెళ్లినవి లేవు.

తలుపు తీయగానే అత్తయ్య చూసింది.

"ఏమే, కట్టుతోనే పిల్లని కిందికి దించావా? ఏంది ఈ అడుగులు?"

సాయంత్రం ఆయనకి చూపిస్తే, మీ బీయస్సీలో దీనికి పాఠం చెప్పలేదా అని ఎగతాళి చేశారు. తర్వాత పాప చెప్పు తెచ్చి కుడి అడుగు మీద పెట్టారు. సరిగ్గా సరిపోయింది. చీపురు తీసుకుని ఆ పొడి తనే ఊడ్చారు. మళ్లీ ఆ విషయం ఎత్తలేదు.

కట్టు విప్పాక పాప నడిచింది. డాక్టరు గారు టేపు పెట్టి రెండు కాళ్లూ కొలిచి, సమానమన్నారు. డాక్టరు గారికే నాకంటే ఎక్కువ సంతోషం. ఇప్పుడు దానికి ఆరో ఏడు. ఒంటికాలి మీద తొక్కుడుబిళ్ల ఆడుతుంది.

అడుగులు మాత్రం ఆగలేదు. నెలకో, రెండు నెలలకో కనిపిస్తాయి. ఎప్పుడూ అదే గీత, ఎప్పుడూ మంచం వైపే. పాపకి పాతవి ఇరుకై పెద్ద చెప్పులు కొన్న ప్రతిసారీ అవీ ఆ అడుగుకి సరిపోతున్నాయి. పక్కింటి పిల్లలేమోనని కిటికీ దగ్గర కాపలా కూర్చుని చూశాను. ఎవరూ రాలేదు. పాప చూడకముందే ఊడ్చేస్తుంటాను.

ఈ సాయంత్రం ఆడి అలిసి పాప పెందలాడే నిద్రపోయింది. నేను పొయ్యి ఆర్పి వచ్చేసరికి అడుగులున్నాయి. ఈసారి మంచం దగ్గర మొదలై గోడ వైపు వెళ్లాయి. ఈడ్చిన గీత లేదు. రెండు పాదాలూ మడమలతో సహా నిండుగా పడ్డాయి.

ఇది ఏమిటో మూడేళ్లుగా నాకు తెలియదు. ఇప్పుడూ తెలియదు. చీపురు పట్టుకున్నాను కానీ ఊడవలేకపోయాను.

పాప మీది దుప్పటి తీసి చూశాను. జ్వరం లేదు, ఒళ్లు మామూలుగానే ఉంది. కాళ్లు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. లేపుదామని రెండుసార్లు చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాను. తెల్లారి పాప మంచం దిగి ఎడమ కాలు కింద పెట్టాలి. అప్పుడు గానీ ఆ ఈడ్చిన గీత ఎటు పోయిందో తెలియదు.