పసుపుతాడు కట్టినవాడు గిరాకీ కాదనుకున్నాను

నా ఒంట్లో జబ్బుందన్న కబురు మొదట నూకరత్నం నోట విన్నాను. కంచరపాలెంలో రైలు పట్టాల పక్క మా సందులో, నాలాగా సెక్స్ వర్క్ చేసే ఆడవాళ్ళకు కండోమ్‌లు పంచడం ఆమె పని; ఆమెదీ మా బతుకే. ఆ రోజు పాకెట్లు అందుకోబోతే నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. అరచేతిలో ఎర్రటి మచ్చలు. నొప్పి లేదు, దురద లేదు. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగుతూ ఊరుకున్నాను.

"వేడి కాదే ఇది. అరికాలు సూపించు," అంది. అక్కడా ఉన్నాయి. "పద, ఆసుపత్రికి ఎల్దాం."

"ఇప్పుడా? శుక్రారం, దీపం ఎట్టాలక్కా."

"అమ్మోరు ఎక్కడికీ పారిపోదు గానీ, సీర మార్సుకో."

పెద్దాసుపత్రిలో రక్తం తీశారు. వీడీఆర్ఎల్ పాజిటివ్, అంటే సిఫిలిస్. అంతటితో పోతే బాగుండేది. హెచ్ఐవీ కూడా రియాక్టివ్ వచ్చింది. డాక్టరమ్మ తలుపు వేసి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చెప్పింది. అలా కూర్చోబెట్టినందుకు ఇప్పటికీ ఆవిడకు దండం పెట్టుకుంటాను.

"కండోమ్ వాడతావా అమ్మా?"

"అందరితోనూ వాడతానండి. వద్దన్నవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వను."

"అందరూ అంటే, ఇంట్లో మనిషితో కూడానా?"

మెడలో పసుపుతాడును పైట కిందకి తోసుకున్నాను.

మాలో ఒక పద్ధతి ఉంది. డబ్బిచ్చి వచ్చేవాణ్ణి గిరాకీ అంటాం. గిరాకీకి కండోమ్ తప్పదు. మనసిచ్చినవాడికి మాత్రం అది అడ్డు పెట్టకూడదు. నా మనిషి లారీ డ్రైవరు, స్టీలు ప్లాంటు నుంచి పోర్టుకు సరుకు తోలతాడు. సింహాచలం కొండ కింద నాకు పసుపుతాడు కట్టాడు. ఆ సాయంత్రం నేను పాకెట్ తీస్తే కిటికీలోంచి విసిరేసి, "నాను గిరాకీనేటే?" అన్నాడు. తాడుకన్నా ఆ మాటే నన్ను గట్టిగా కట్టేసింది.

పెన్సిలిన్ ఇంజెక్షన్లు వేశారు. మచ్చలు పోయాయి. హెచ్ఐవీకి రోజూ ఒక మాత్ర, బతికినంతకాలం. "మీ ఆయన్ని తీసుకురా. ఆయనకు కూడా మందు పడకపోతే నీకు వేసింది దండగ," అంది డాక్టరమ్మ.

చెప్పాను. అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "ఊరందరితో తిరిగి, నీ రోగం నాకంటగడతన్నావా?"

కొన్నాళ్ళకు ఏమీ జరగనట్టే చేపలు పట్టుకుని వచ్చాడు. నేను పాకెట్ చేతిలోకి తీసుకున్నాను.

"అయితే తాడు తీసి నా సేతిలో ఎట్టు, ఎలిపోతాను."

పాకెట్ పక్కన పెట్టి పొయ్యి వెలిగించాను.

తర్వాతి పరీక్షలో టైటర్, అంటే రక్తంలో సిఫిలిస్ లెక్క, మళ్ళీ పెరిగింది. "మందు పనిచేసింది తల్లీ. జబ్బే మళ్ళీ అంటుకుంది," అంది డాక్టరమ్మ. ఆటోలో ఇంటిదాకా నూకరత్నం తిట్టింది.

"దేవుడికి దణ్ణమెట్టు, ఆ దరిద్రుడికి కాదే! నన్ను సూడు. మనిషీ నేడు, మాయదారి రోగమూ నేదు."

ఏడుస్తూనే నవ్వాను.

ఆ వానాకాలం ఆమెకు దగ్గు పట్టుకుంది. "పోర్టు బొగ్గుదుమ్మే ఇది," అనేది. చివరికి మంచం మీంచి లేవలేకపోతే మేమే ఆసుపత్రికి మోసుకెళ్ళాం. టీబీ. దాని వెనక హెచ్ఐవీ. రోగాన్ని ఆపే సీడీ ఫోర్ కణాల లెక్క మరీ పడిపోయిందన్నారు. "ఇన్నాళ్ళూ ఒక్కసారైనా టెస్ట్ చేయించుకోలేదా?" అని డాక్టరు మమ్మల్నే అడిగాడు. మా సందులో అందరి చేతా చేయించింది. తను చేయించుకోలేదు. మందు మొదలుపెట్టారు గానీ ఒంటికి పట్టలేదు. పోయింది.

స్నానం చేయించడానికి జాకెట్టు విప్పితే, లోపల పిన్నీసుతో గుచ్చి దాచిన పసుపుతాడు. రంగు వెలిసిపోయి ఉంది. అది కట్టినవాడెవడో మాకు ఈనాటికీ తెలియదు. చావుకీ వాడు రాలేదు. మా దగ్గర దాచినందుకు ఆమె మీద కోపం రాలేదు నాకు. "నాను గిరాకీనేటే?" అన్న మాట ఆమె కూడా ఎవడి నోటో విని ఉంటుంది.

ఇప్పుడు మాత్ర తప్పకుండా వేసుకుంటున్నాను. ఇంజెక్షన్లు మళ్ళీ వేశారు. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్, తగ్గిందంటున్నారు. సూది వేసిన సిస్టరుకు, ఇంట్లోనే కూర్చోబెట్టి నాకు అక్షరాలు నేర్పిన మా అమ్మకు రుణపడి ఉన్నాను. ఆ అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. పాకెట్ ఇప్పుడు గుమ్మంలోంచి కనబడేలా అమ్మవారి పటం పక్కనే పెడుతున్నాను. నా మనిషి ఒకసారి వచ్చాడు. దాన్ని చూసి అటునుంచి అటే వెళ్ళిపోయాడు. ఇక రాడు. తాడు మాత్రం తియ్యలేకపోయాను. ఎవరైనా బాగుపడ్డావా అంటే అవుననే చెబుతాను. తెల్లారితే ఏం చెయ్యాలో మాత్రం తోచదు. దీపం పెడతాను, అంతే.

ఒక్క మాట చెబుతాను. తాడు కట్టినవాడైనా సరే, ఇద్దరూ కలిసి రక్తపరీక్ష చేయించుకుని, అవసరమైన మందు వాడి, ఇక ఫరవాలేదని డాక్టరు చెప్పేదాకా కండోమ్ మానకండి. దానికి ఒప్పుకోనివాడు ఏం కట్టినా అది రోగానికి అడ్డుపడదు.

నూకరత్నానికి పిండం పెట్టడానికి ఎవరూ లేరు. మీ ఇంట దీపం వెలిగించినప్పుడు ఒక్కసారి ఆమె పేరు తలుచుకోండి.