ఇన్నయ్య నాపరాయి బహుమతులు

పిడుగురాళ్ల ఇన్నయ్యకి ఉన్న పిచ్చి ఒక్కటే. ఊళ్లోకి వచ్చిన ప్రతి సినిమాకీ ఆయన బహుమతి ఇవ్వాల్సిందే. ఢిల్లీలో సర్కారువారు సినిమాలకు పతకాలిస్తున్నారని ఎవరో పేపరు చదివి వినిపించిన రోజునుంచి పట్టుకుందది. నాపరాళ్లు చెక్కే మనిషి కనక ఆయన పతకం కూడా నాపరాయే. మూరెడు పలక మీద అక్షరాలు చెక్కి, భుజాన వేసుకుని టూరింగు టాకీసుకి వచ్చేవాడు. ఆట అయిపోగానే బెంచీ ఎక్కి ప్రకటించేవాడు.

తీసుకోవడానికి మద్రాసునుంచి ఎవరొస్తారు? పలకలన్నీ టాకీసు యజమాని అబ్దుల్ హమీదుకే మిగిలేవి. బురద తగలకుండా గేటునుంచి డేరాదాకా ఆయన వాటిని పరిపించాడు. జనం బహుమతులు తొక్కుకుంటూ సినిమాకి వెళ్లేవారు.

"బొమ్మ చూడకముందే బహుమతి చెక్కుతావేందయ్యా?" అని హమీదు ఒకసారి అడిగాడు.

"చూసినాక చెక్కితే ఈలోపు నువ్వు డేరా ఎత్తేస్తావు గదా, భాయ్!"

ఊరికిది వినోదం, ఆయన కూతురు కుసుమకి తలవంపులు. ఆమె మిషను బడిలో టీచరు. "టీచరమ్మా, మీ నాన్న ఈసారి ఎవరికిచ్చాడు?" అని దారిపొడవునా పలకరింపులే. అది చాలదన్నట్టు, మొన్న శుక్రవారం బడి వార్షికోత్సవంలో పిల్లలతో డాన్సు చేస్తూ వేదిక దిగబోయి, కింది మెట్టు లేని సంగతి మరిచి, బోర్లా పడింది. ఊరంతా గొల్లున నవ్వింది. ఇక బడి మొహం చూడనని కుసుమ తలుపేసుకుంది.

ఆదివారం సాయంత్రం ఇన్నయ్య బతిమాలి ఆమెను సినిమాకి లాక్కెళ్లాడు. ఇంగ్లీషు బొమ్మ. కాలివేళ్ల కొసల మీద నిలబడి బ్యాలే ఆడే పిల్ల కథ. ఒకనాడు ఆటలో జారిపడుతుంది. అప్పటినుంచి ఎవరూ లేని హాల్లోనూ ఆమెకి నవ్వులు వినిపిస్తాయి. ఇంట్లో అద్దాలన్నిటికీ గుడ్డలు కప్పుతుంది. చివరికి మతిపోయి ఒక మూల కూర్చుండిపోతుంది. కుసుమ కొంగు నోట్లో కుక్కుకుని చూసింది.

దీపాలు వెలిగాయి. ఇన్నయ్య బెంచీ ఎక్కాడు. కుసుమకి భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

"పడి లేచిన డాన్సుకి మొదటి బహుమతి!"

"లేవలా గదయ్యా! పిచ్చెక్కి కూకుంది!" అన్నారెవరో వెనకనుంచి.

"లేచిద్ది."

"ఎప్పుడు? బొమ్మ అయిపోయిందిగా!"

"సోమారం," అన్నాడు ఇన్నయ్య తొణక్కుండా.

జనం పడీపడీ నవ్వారు. కుసుమ తల వంచుకుని బయటికి నడిచింది. తల వంచుకోబట్టే, ఇన్నాళ్లూ తొక్కిన పలకలను మొదటిసారి చదివింది. "ఉత్తమ నత్తి మాట." ఆ పలక ఇచ్చిన సినిమాలో నత్తివాళ్లెవరూ లేరు. ఆ వారం చర్చిలో వాక్యం చదువుతూ జ్ఞానయ్య నత్తితో తడబడితే అందరూ నవ్వారు. పై ఆదివారం ఆయనే మళ్లీ లేచి చదివాడు. "ఉత్తమ మాడిన పులావు." అది జాన్‌బీ కూతురి పెళ్లిలో పులావు మాడిన వారం. జాన్‌బీ ఆ ఒక్క పలక మీద కాలు పెట్టకుండా పక్కనుంచి ఎందుకు నడుస్తుందో కుసుమకి ఇప్పుడర్థమైంది. మళ్లీ సిగ్గేసింది, ఈసారి తన బుద్ధికి.

వెనకనుంచి ఇన్నయ్య రొప్పుతూ వచ్చాడు. పలక ఇంకా భుజాన్నే ఉంది.

"హమీదు మామకి ఇవ్వలా?"

"దారి నిండిపోయిందంటన్నాడమ్మా. ఏం చేసేది?"

కుసుమ కళ్లు తుడుచుకుంది.

"బళ్లో వేదికకి కింది మెట్టు లేదు నాన్నా. పొద్దున్నే దీన్ని నాతోపాటు మోసుకురా."

"రేపేం వారమే?" అన్నాడు ఇన్నయ్య, ఏమీ ఎరగనట్టు.