పటేలా, జెర లెవ్వు

మా షెడ్డుకు ఎవరొచ్చినా మొదట అడిగే మాట "సార్ లేడా?" అని. కొటేషన్ పట్టుకొచ్చేవాళ్లు, కరెంటాఫీసు వాళ్లు, వాటర్ క్యాన్ వేసే మనిషి, ఎవరైనా అంతే. "సార్ ఇంట్ల వంట జేస్తుండు, నాతోని మాట్లాడుండ్రి" అంటాను. కొందరు నవ్వుతారు, కొందరు నిజమే అనుకుంటారు. మా ఆయన కంపెనీ బస్సు నడుపుతాడు. వంట కూడా చేస్తాడు, అది వేరే సంగతి.

మాది అట్టపెట్టెల తయారీ. పటాన్‌చెరు నుంచి లక్డారం పోయే దారిలో రేకుల షెడ్డు. మందుల కంపెనీలకు కార్టన్లు చేసిస్తాం. అంతకుముందు గుమ్మడిదల వైపు ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. పెట్టె అడుగు ఊడి సీసాలు కిందపడితే తిట్లు మాకు పడేవి. ఆ పెట్టె చేసినవాడి మొఖం మేమెన్నడూ చూడలేదు. ఇంతకన్నా మంచి పెట్టె నేనే చేస్తానని ఒకరోజు కోపంలో అన్నాను. కోపంలో అన్న మాటల్లో నాకు కలిసొచ్చింది అదొక్కటే.

మేం ఎస్సీలం. మావాళ్లు పరిశ్రమ పెడితే సర్కారు మిషను ఖరీదులో కొంత సబ్సిడీ ఇస్తుంది, బ్యాంకు లోనుకు అండగా ఉంటుంది. దాన్ని ఎవరో దయతలచి పెట్టిన బిచ్చంలాగా మాట్లాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఈ చుట్టుపక్కల పొలాలన్నీ మా తాతలు దున్నినవే, మా పేరున మాత్రం గుంట భూమి లేదు. తాకట్టు పెట్టడానికి ఏమీ లేని మనిషికి బ్యాంకు గేటు దగ్గరే దండం పెట్టి పంపిస్తుంది. సర్కారు ఆ గేటు తీసింది. లోపలికి నడిచింది నేనే. మా మొదటి మిషను అట్లా వచ్చింది.

అది వచ్చిన కొన్నాళ్లకు ఒకాయన కారులో దిగాడు. "పేరు నీది, పైసలు నావి. ఇంకో యూనిట్ పెడదాం. నువ్వు మిషన్ మొఖం గూడ సూసే పని లేదు, నీ వాటా ఇంటికొస్తది" అన్నాడు. "నాకు మిషన్ మొఖం సూసుడే ఇష్టం" అని పంపించేశాను. ఇట్లాంటి బినామీ యూనిట్లు ఉన్నాయని అందరికీ తెలుసు. ముందు మావాళ్ల పేరు, వెనక ఇంకొకరి జేబు.

ఇక పటేలు సంగతి. ఆయన మా ఊరి పెద్ద రైతు. మా అవ్వ, అంటే మా అమ్మ, నాట్లు వేసిందీ కలుపు తీసిందీ ఆయన పొలంలోనే. ఇంద్రేశం దిక్కున్న ఆయన భూమి ప్లాట్లయింది. వచ్చిన డబ్బు చేతిలో నిలవలేదు. ఎట్లా పోయిందో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ఒకరోజు షెడ్డుకొచ్చి నిలబడి, "ఏం పిల్లా, బండ్లకు మాల్ ఎక్కిచ్చే కాడ మనిషి గావాలె అన్నవట" అన్నాడు.

"నువ్వు జేస్తవా పటేలా?"

"ఊకె కూసుంటే కాళ్లు పట్టుకపోతున్నయి" అన్నాడు.

పనిలో పెట్టుకున్నాను, జాలితో కాదు. నేను చెప్తే లారీ డ్రైవర్లు బీడీ అయిపోయేదాకా ఆలోచించేవాళ్లు. ఆయన ఒక్క కేక వేస్తే జల్దీ కదిలేవాళ్లు.

కానీ అలవాటని ఒకటుంటుంది. మా వాడకట్టులో పటేలు కనిపిస్తే లేచి నిలబడటం మాకు నడకతో పాటే వచ్చింది. షెడ్డులో ఆఫీసని చెప్పుకునే మూలలో, ఫ్యాను కింద, చేతులున్న మంచి కుర్చీ ఒకటుండేది. మొదటి రోజే "కూసో పటేలా" అన్నాను. ఆయన కూర్చున్నాడు. అప్పటినుంచి పని లేనప్పుడు అది ఆయనదే. నాకెట్లాగూ కూర్చునే తీరిక లేదు కనుక పట్టించుకోలేదు. జీతం ఇచ్చేది నేనే, పొద్దున రాగానే దండం పెట్టేదీ నేనే. మా దగ్గర పనిచేసే బీహార్ వాళ్లు మాత్రం నన్ను దీదీ అని, ఆయన్ను చాచా అని, ఇద్దర్నీ సమానంగా సతాయించేవాళ్లు.

రెండో మిషనుకు అర్జీ పెట్టాం. పెద్ద కార్టన్ల మీద అచ్చు వేసి, కోసి, మడతలు పెట్టే మిషను అది. అదుంటే పెద్ద ఆర్డరిస్తామని మందుల కంపెనీ మాటిచ్చింది. వానాకాలం దాటితే ఆ ఆర్డరు వేరేవాళ్లకు పోతుంది. సబ్సిడీ లేకుండా ఆ మిషను కొనే శక్తి నాకు లేదు. ఇప్పుడు అంతా తనిఖీ మీద ఆగింది. ఈ యూనిట్ నిజంగా నాదేనా, నేనే నడుపుతున్నానా అని ఒక అధికారి వచ్చి చూసి రాయాలి.

ఆయన చెప్పకుండా వచ్చాడు. నేను గమ్ము కలుపుతున్నాను, మోచేతుల దాకా జిగురే. లోపలికి రాగానే ఆయనకు కనిపించింది ఫ్యాను, చేతుల కుర్చీ, అందులో తెల్ల చొక్కా, తెల్ల మీసం. ఆ మీసానికి నమస్కారం పెట్టాడు. నేను చేతులు తుడుచుకుంటూ వచ్చి, "పటేలా, సార్ తనికీకి వచ్చిండు" అన్నాను. అని, అక్కడే నిలబడ్డాను. స్టూలు మీద సారు, కుర్చీలో పటేలు, యజమానురాలు నిలబడి.

పటేలుకు నాకు సాయం చేయాలని బుద్ధి పుట్టింది. "మీరేం ఫికర్ జెయ్యకుండ్రి సార్. గీ పిల్ల మా ఇంటి మనిషే. వీళ్లవ్వ మా పొలం కాడనే ఉంటుండె. మస్తు నమ్మకమున్నోళ్లు" అన్నాడు.

మా ఊళ్లో ఆ మాట పొగడ్త. తరాలుగా తమ దగ్గర చాకిరీ చేశారు, దొంగతనం చేయరు, ఎదురు మాట్లాడరు అని దానర్థం. ఆయన మనసులో కల్మషం లేదు, నా గురించి తనకు తెలిసిన అన్నిటికన్నా మంచి మాట చెప్పాడు. అది అధికారి చెవిలో ఎట్లా పడిందో ఆయన మొఖం చూస్తేనే తెలిసింది. ఫైలు మూసేశాడు.

నన్ను బయటికి పిలిచి మెల్లగా అన్నాడు. "అక్కా, నేను గూడ మనోళ్లల్ల మనిషినే. ఎందుకక్కా మీ పేరు గిట్ల వాళ్లకిస్తరు? నిజంగ పెట్టుకునేటోళ్లకు దక్కకుంట పోతది."

సిగ్గనిపించింది. ఆయన అన్నదాంట్లో ఒక్క మాట తప్పు లేదు. ఆయన చోట నేనున్నా అదే అనుకునేదాన్ని. "కాయితాలన్ని నా పేరునే ఉన్నయి గద సార్" అన్నాను.

"బినామీల కాయితాలు ఇంక సక్కగుంటయక్కా."

ఇక కాయితాలు చూపించి లాభం లేదు. కానీ చేయాల్సిందేమిటో ఆ క్షణంలోనే తెలిసింది. "లోపల్కి రాండ్రి సార్" అన్నాను.

బ్యాంకు మేనేజర్ ముందు, కంపెనీ పర్చేజ్ వాళ్ల ముందు ఎన్నడూ జంకని దాన్ని, ఆ కుర్చీ ముందుకు పోయేసరికి అలవాటుగా దండానికి లేవబోయిన చేతుల్ని కిందికి దించాను.

"పటేలా, జెర లెవ్వు" అన్నాను.

"ఏందే పిల్లా?"

"లెవ్వు. సార్‌తోని మాట్లాడాల్సింది నేను. నేను కూసోవాలె."

ఆయన నన్ను చూశాడు, అధికారిని చూశాడు. బీహార్ వాళ్ల చేతులు ఆగిపోయాయి. తర్వాత ఆయన లేచాడు. మోకాళ్ల నొప్పులున్న మనిషి, చెయ్యి అందించబోయి ఆపుకున్నాను. ఆ చెయ్యి ఇచ్చి ఉంటే మళ్లీ మొదటికే వచ్చేది.

కూర్చున్నాను. "సార్, నేను ఎవ్వల ఇంటి మనిషిని గాదు. మా అవ్వ వీళ్ల పొలంల కూలి జేసింది, కూలి తీసుకున్నది. ఇప్పుడు పటేలు నా కాడ పని జేస్తుండు, జీతం తీసుకుంటుండు. గంతే."

పటేలు అధికారి దిక్కు తిరిగాడు. "నిజమే సార్, జీతం ఆమెనే ఇస్తది" అని బయట లారీ దగ్గరికి పోయాడు. కొంచెంసేపటికి గుమ్మం దగ్గరికొచ్చి, రోజూ అడిగినట్టే, "బండి ఇడువాల్నా?" అని అడిగాడు. "ఇంక నేను చలాన్ మీద సంతకం పెట్టలే, ఆపు" అన్నాను. అధికారి మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి ఫైలు తెరిచాడు.

ఆ రోజే నమ్మాడని చెప్పను. మళ్లీ ఒకసారి చెప్పకుండా వచ్చి, పనివాళ్లను అడిగి, డ్రైవర్లను అడిగి పోయాడు. రావాలి కూడా. బినామీల కాలంలో అంత గట్టిగా చూసే అధికారి ఉంటేనే మాలాంటివాళ్లకు న్యాయం. సబ్సిడీ మంజూరైంది. వానాకాలం దాటకముందే మిషను దిగింది, ఆర్డరు మాకే వచ్చింది.

పటేలు మర్నాటి నుంచి రాడనుకున్నాను. వేళకే వచ్చాడు. వచ్చి "మేడం" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లో ఎంత అవస్థ పడిందో వింటే నాకే నవ్వొచ్చి, వద్దన్నాను. "పిల్లా" కూడా మానేశాడు. ఇప్పుడు "ఇగో, ఇంటున్నవా" అంటాడు, పేరు పలకని పాతకాలం మొగుడూ పెళ్లాల్లాగా. నేను ఆయన్ను చిన్నాయన వరస పెట్టి కాకా అంటున్నాను. మొదట్లో నాలుక తడబడేది, ఇప్పుడు అలవాటైంది. ఇంకో కుర్చీ కూడా కొన్నాను. తీరికున్నవాళ్లు కూర్చుంటారు.

మా అవ్వకు ఈ సంగతి నేను చెప్పలేదు. పటేలు నా దగ్గర పనికొచ్చిన నాడే "వద్దు బిడ్డా, ఎంతైనా పటేలు" అని రెండు రోజులు సరిగ్గా తినలేదు ఆమె. కొత్త మిషనుకు కొబ్బరికాయ కొట్టిన రోజు షెడ్డులో ఎవరో ఆమె చెవిన వేశారు. ఇంటికొచ్చేటప్పుడు ఆమె నా స్కూటీ వెనక కూర్చుంది. తిట్లు ఖాయమనుకున్నాను. ఇంటి ముందు దిగాక అడిగింది.

"పటేల్ను గుర్సీల కెళ్లి లేపినవట?"

"లేపిన."

"లేసిండా?"

"లేసిండు."

"ఎట్ల లేసిండే?"

"ఎట్లంటే ఏందవ్వా? మోకాళ్ల మీద చేతులు పెట్టుకోని, అందరు లేసినట్లే లేసిండు."

గడప మీద కూర్చుని చెప్పులు విప్పింది. నా మొఖం చూడకుండా, "ఆయన లేసుడు నేనెన్నడు సూడలే బిడ్డా. మల్లొకసారి జెప్పు" అన్నది.

పక్కన కూర్చుని మొదటినుంచి చెప్పాను.