మొద్దు పీకబోయిన ట్రాక్టర్

ట్రాక్టర్‌తో చెట్టు మొద్దు ఎలా పీకాలో చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఎలా పీకకూడదో చెప్పగలిగినవాడు ముదిగుబ్బ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. ఒక్క పొద్దుటిపూటలో మామ ట్రాక్టర్‌ను, అమ్మ నెల రోజుల కష్టాన్ని, మా ఇంటి ఏడాది తిండిని కలిపి బావి దాకా నడిపించిన ఘనత నాది. చెప్తాను, వినండి. నవ్వడానికి మొహమాటపడకండి. మా ఊరు ఏనాడూ మొహమాటపడలేదు.

ఎనభైల మొదట్లో సంగతి. నాకు ఇరవై ఏళ్లు. కళ్యాణదుర్గంలో మా మామకు ట్రాక్టర్ ఉండేది. ఆయన దగ్గర నలభై రోజులుండి తోలడం నేర్చుకున్నాను. అందులో ముప్పై రోజులు దాన్ని కడగడమే నేర్పాడనుకోండి, ఆ ముక్క ఊళ్లో చెప్పాల్సిన అవసరం నాకు కనిపించలేదు. తిరిగొచ్చాక చొక్కా జేబులో ఒక స్పానర్ పెట్టుకుని తిరిగేవాణ్ణి. అది ఏ బోల్టుకు పడుతుందో నాకూ తెలియదు.

ఆ ఏడు వాన బాగా ఆలస్యం చేసి, చివరికి ఒక సాయంత్రం దంచి కొట్టింది. మా వైపు వాన పడిందంటే ఇక ఊరంతా ఉరుకులే. మట్టిలో పదును మూడు రోజులుంటుంది. అది ఆరేలోపల వేరుశెనగ విత్తనం భూమిలో పడాలి. పడకపోతే మళ్లీ వాన ఎప్పుడో, అసలు వస్తుందో రాదో.

విత్తనం సంగతీ చెప్పాలి. విత్తనానికి కాయలను చేత్తోనే వలవాలి, గింజ చిట్లితే మొలవదు. అమ్మ నెల రోజులు వసారాలో కూర్చుని, బొటనవేలు పుండు పడేదాకా వలిచి రెండు మూటలు సిద్ధం చేసింది. మా ఇంట్లో ఉన్న విత్తనమంతా ఆ రెండు మూటలే.

వాన పడిన మరునాడే కళ్యాణదుర్గం పోయి మామ కాళ్లావేళ్లా పడి ట్రాక్టర్ తెచ్చాను. రెండో రోజు పొద్దున్నే దున్నడానికి దాన్ని మా చేనులోకి దించాను. నాయన ఎద్దుల బండిలో, విత్తనం వేసే గొర్రునూ విత్తనం మూటలనూ తెచ్చాడు. వెనకే అమ్మ వచ్చింది. పక్క చేను ఈరన్న తాత తన పని మానుకుని మరీ వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. ఆయనతో పాటు ఇంకో పదిమంది. అంతమంది చూస్తుంటే ఉత్తగా దున్నితే ఏం బాగుంటుంది?

మా చేను మధ్యలో ఒక తుమ్మ మొద్దు ఉండేది. చెట్టు కొట్టేసి ఏళ్లయినా మొద్దు మాత్రం కదల్లేదు. ప్రతి ఏడూ దాని చుట్టూ తిప్పి దున్నేవాళ్లం.

"నాయనా, ముందు దీన్ని పీకేస్తా" అన్నాను.

"దాని జోలికి పోవద్దురా. పదును ఆరిపోతాండాది. చుట్టూ తిప్పి దున్ను, ఎండాకాలంలో తవ్వుకుందాం."

"పది నిమిషాల పని నాయనా. ఇది ఎద్దులు గాదు, ట్రాక్టర్."

"పది నిమిషాలే గదా, చూద్దాం పట్టు" అన్నాడు ఈరన్న తాత గట్టు మీంచి. ఆయనకు వినోదం కావాలి.

మొద్దుకు గొలుసు చుట్టాను. రెండో కొస ట్రాక్టర్ వెనక కింద ఉండే కొక్కేనికి తగిలించాలి. ఇది చదువుతున్నవాళ్లలో ట్రాక్టర్ ఉన్నవాళ్లెవరైనా ఉంటే రాసిపెట్టుకోండి, కిందనే తగిలించాలి. నేను సీటు వెనక పైన, నడుమెత్తున తగిలించాను.

"అంత మీదికి ఎందుకు కడతాండావప్పా?" అన్నాడు తాత.

"తాతా, బాయిలో నుంచి బిందె చేదేటప్పుడు పైన నిలబడి లాగుతామా, కింద నిలబడి లాగుతామా?"

తాత కాసేపు ఆలోచించి, "అదీ నిజమే" అన్నాడు. చదువుకున్నవాడి మాట అలా ఉంటుంది.

ఫస్టు గేరు వేసి క్లచ్ వదిలాను. మొద్దు కదల్లేదు. ట్రాక్టర్ ముందు చక్రాలు మాత్రం ఠక్కున గాల్లోకి లేచాయి. నాకు ఆకాశం కనిపించింది. క్లచ్ తొక్కగానే మళ్లీ ధబీమని దిగాయి. గట్టు మీదివాళ్లు లేచి నిలబడ్డారు.

"ఇట్ల లేస్తాదా ఇది?" అన్నాడు నాయన.

"కొత్తగదా నాయనా, ఉషారెక్కువ" అన్నాను. గొలుసు కిందికి మార్చి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ పదిమంది ముందు కట్టింది విప్పి కడితే నా పరువేం కావాలి? నాకు ఇంకో ఉపాయం తట్టింది. ముందు తేలికైంది కాబట్టి లేస్తోంది, ముందు బరువు పెడితే సరి. బరువైనవి ఏమున్నాయా అని చుట్టూ చూశాను. బండిలో రెండు మూటలు కనిపించాయి.

"ఆ మూటలు యాడికిరా?" అంది అమ్మ.

"ఊరికే కూర్చోబెడతాండానమ్మా. మళ్లా ఇచ్చేస్తా."

"రాళ్లు ల్యావా చేన్లో?"

అనంతపురం చేనులో రాళ్లు లేవనే ధైర్యం ఎవరికైనా ఉంటుందా? ఉన్నాయి. నా చుట్టూరా ఉన్నాయి. కానీ మూటలైతే కట్టడానికి వీలుగా ఉంటాయని చెప్పి, వాటిని ఇంజను ముందు బంపరు మీద పెట్టి ఎద్దుల పలుపుతో బిగించాను.

ఈసారి ముందు చక్రాలు లేవలేదు. వెనక చక్రాలు తడి మట్టిలో గిర్రున తిరిగి గట్టు మీదివాళ్ల మొహాల మీద బురద కొట్టాయి. మొద్దు అలాగే ఉంది. ఇక నాకు పట్టుదల వచ్చింది. అక్కడ నేల జారుతోందని ట్రాక్టర్‌ను మొద్దుకు రెండో పక్కకు తిప్పాను. గొలుసు వదులుగా ఉంచి, కొంచెం వెనక్కి వచ్చి, పరుగు మీద లాగితే ఆ ఊపుకు రాక చస్తుందా అనుకున్నాను.

"ఎదురుగా బాయి ఉండాది, చూసుకో అప్పా" అన్నాడు తాత.

మాకు అక్కడ ఒక దిగుడు బావి ఉంది. రాతి మెట్లు, నడుం లోతు నీళ్లు, చుట్టూ గోడ లేదు. నేనేమీ తెలివితక్కువవాణ్ణి కాదు. దిగి అడుగులు వేసి కొలిచాను. మొద్దు నుంచి బావికి పదహారు అడుగులు. గొలుసు పన్నెండు.

"ఇంకా నాలుగు అడుగులు మిగుల్తాది తాతా. గొలుసే ఆపేస్తాది" అన్నాను.

లెక్క సరిగ్గానే ఉంది కదూ? తాతకూ అలాగే తోచింది. గొలుసు చివర ట్రాక్టర్ ఉంటుందనీ, ఆ ట్రాక్టర్‌కు కూడా పొడవుంటుందనీ ఆ క్షణంలో మా ఊళ్లో ఎవరికీ గుర్తుకు రాలేదు.

మొద్దు దాకా వెనక్కి వచ్చి, రెండో గేరు వేసి వదిలాను. ట్రాక్టర్ దూకింది. గొలుసు బిగిసింది. ముందు భాగం మళ్లీ గాల్లోకి లేచింది, పలుపు తెగింది. నేను క్లచ్ తొక్కాను. ముందు చక్రాలు కిందికి దిగాయి గానీ, అవి దిగిన చోట భూమి లేదు.

మొదట ఒక మూట పడిన చప్పుడు, తర్వాత రెండో మూట చప్పుడు. ఇంజను ఆగిపోయింది. ట్రాక్టర్ కడుపు బావి అంచు మీద ఆనింది. నేను బ్రేకును రెండు కాళ్లతో తొక్కి పట్టుకుని కింద నీళ్లలోకి చూస్తున్నాను.

"దిగురా" అన్నాడు నాయన.

"బ్రేకు వదిల్తే పోతాది నాయనా."

"దాన్ని పట్టుకోనుండేది నీ బ్రేకు గాదు, ఆ మొద్దు. దిగు."

తిరిగి చూశాను. మొద్దు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నేను పీకాలనుకున్నది నన్ను పట్టుకుని నిలబడింది.

దిగాక అమ్మ మొహం చూడలేకపోయాను. ఆమె బావిలోకి చూస్తూ పుండు పడిన బొటనవేలిని పైట చెంగులో చుట్టుకుంటోంది. నా జీవితంలో అంత సిగ్గుపడింది అప్పుడే. చొక్కా విప్పి నేనే బావిలోకి దిగాను. మూటలను ఒక్కొక్కటే వీపున వేసుకుని మెట్లెక్కించాను. ఒక మూట చిరిగింది. కారిన గింజలను కింది మెట్టు మీద మోకాళ్లూని, గంపతో నీళ్లు దేవి దేవి ఏరాను.

నాయన గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని చూశాడు. "నీళ్లు తాగినాయి. ఈ పొద్దే పడాల. రేపటికి కుళ్లిపోతాయి."

దున్నడానికి ట్రాక్టర్ లేదు, అది బావిలోకి తొంగి చూస్తోంది. ఒక్క జత ఎద్దులతో ఆ చేనంతా సాయంత్రానికి అయ్యే పని కాదు. అప్పుడు ఈరన్న తాత గట్టు దిగి, "మా చేను మధ్యాన్నం విత్తుకుంటాలే" అని తన ఎద్దులనూ గొర్రునూ మా చేనులోకి తోలుకొచ్చాడు. ఆయన్ని చూసి ఇంకో ముగ్గురు వచ్చారు. వాళ్ల పదునూ ఆరిపోతోంది, అయినా వచ్చారు.

అయిదు గొర్రులు వరసగా నడిచాయి, మొద్దు చుట్టూ తిరుగుతూ. గొర్రు వెనక నడుస్తూ గింజలు వదిలే పని మా ఊళ్లో ఆడవాళ్లది. నలభై రోజుల ట్రాక్టర్ శిక్షణ పొందిన నాకు ఆ రోజు ఆ పని ఇచ్చారు. "దగ్గర దగ్గర పడతాండాయి, వేళ్లు వదులు చెయ్" అని అమ్మ పక్కనుంచి చెప్తూనే ఉంది. పొద్దు తిరిగేసరికి చివరి సాలు పడింది.

ట్రాక్టర్‌ను మరునాడు ఎనిమిది ఎద్దులు వెనక్కి లాగాయి. ఆ లోపల మా చేను పక్క రోడ్డు మీద కదిరి బస్సులో పోయేవాళ్లంతా దాన్ని తనివితీరా చూశారు. మామ నాతో మూడు నెలలు మాట్లాడలేదు.

తమాషా ఏమిటంటే, నానిన గింజ కదా, అదే రోజు విత్తిన చుట్టుపక్కల చేలకంటే రెండు రోజులు ముందే మా చేను పచ్చగా మొలిచింది. మరుసటేడు వాన పడగానే ఈరన్న తాత భుజాన ఒక మూట వేసుకుని మా ఇంటికొచ్చాడు.

"ఏమప్పా, మా మూట గూడా తెచ్చినా. బాయిలో ఎప్పుడు తోస్తావు?"

ఆ పూటే స్నానం చేసి, తూర్పు ముఖంగా నిలబడి, తాత ఎదుట, అమ్మానాయనల ఎదుట ప్రమాణం చేశాను. గొలుసును కింది కొక్కేనికే తగిలిస్తాను. పరుగు మీద లాగను. దూరం కొలిచేటప్పుడు ట్రాక్టర్‌ను కూడా కొలుస్తాను. విత్తనం మూటలను ఇంజను ముందుకు కాదు గదా, దాని కనుచూపు మేరకు కూడా రానివ్వను.

అమ్మ అంతా శ్రద్ధగా విని తల ఊపింది. మామ మళ్లీ పంపిన ట్రాక్టర్‌తో ఆ రోజు నేను చేను దున్ని కిందికి దిగేదాకా మాత్రం, ఆ ఏటి రెండు విత్తనం మూటల మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది.