గాస్కెట్టు భజన

నాకు అన్నం పెట్టేది కాలిపోయిన మోటార్లు. కాబట్టి ఐదు హార్స్‌పవరు మోనోబ్లాకు పంపు మీద చేయి పెట్టి, అందులోని రాగి తీగ సాక్షిగా చెబుతున్నాను: కింద రాసిన ప్రతి మాటా జరిగినదే. అబద్ధమైతే ఈ ఏడాది నేను చుట్టిన కాయిళ్ళన్నీ వారంటీలోనే మాడిపోవాలి. మా కోయంబత్తూరులో ఇంతకంటే పెద్ద ఒట్టు లేదు. బిడ్డల మీద ఒట్టేసిన వాళ్ళు కూడా ఎలాగో నెట్టుకొస్తున్నారు. వారంటీ మీద వేసినవాడు మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడతాడు.

మా బావ, అంటే మా అక్క భర్త, పంపుసెట్లు తయారుచేస్తాడు. ఆయన తాత పత్తి పండించాడు. తండ్రి ఆ చేలలో బావులు తవ్వించాడు. ఈయన ఆ బావుల్లో నీళ్ళు అడుక్కి పోయాయని గ్రహించి పంపులు అమ్ముతున్నాడు. ఆయన కంపెనీ వెనక వీధిలోనే నా వైండింగ్ షాపు. ఆయన కూతురు ఇంజనీరింగ్ చదివి, బెంగళూరులో రెండేళ్ళు ఉద్యోగం చేసి, చివరికి ఒక గిటారు తీసుకుని ఇంటికొచ్చింది. వెనకాలే తేని నుంచి ఏలకుల వ్యాపారి కొడుకు ఒకడు ఇంకో గిటారుతోనూ, వాడి స్నేహితుడు డ్రమ్ములతోనూ దిగారు. ముగ్గురికీ ముప్పై దగ్గరపడుతోంది. వాళ్ళు వాయించేది రాక్ సంగీతమట. అందులోనూ ప్రయోగాత్మకమైనదట. ప్రయోగం అంటే ఏమిటో నేను రెండు రోజులు విని తెలుసుకున్నాను. వినేవాడు చివరిదాకా కూర్చుంటాడో లేదో ముందుగా ఎవరికీ తెలియకపోవడం.

కంపెనీలో ఒక మూల పాత టెస్టింగ్ షెడ్డు ఉంది. పంపును తొట్టిలో దించి నీళ్ళు ఎంత జోరుగా తోడుతోందో చూసే చోటు. కొత్త షెడ్డు కట్టాక అది ఊరికే పడి ఉంది. ఊళ్ళో మూడు అద్దె గదుల నుంచి వీళ్ళని వెళ్ళగొట్టాక, మా మేనకోడలు తండ్రిని అడిగి అందులో చేరింది. వారం తిరక్కుండా ఆ చుట్టుపక్కల కాకులు కుటుంబాలతో సహా పొల్లాచ్చి వైపు వెళ్ళిపోయాయి. పక్కింటి మిక్సీ ఎవరూ స్విచ్చి వేయకుండానే ఒక చుట్టు తిరిగిందని ఆ ఇంటావిడ నాతో స్వయంగా చెప్పింది. అవతలి వీధిలో పాలు కూడా విరిగాయి గానీ, అది ఎండ వల్ల అయి ఉండవచ్చు. నేను న్యాయం తప్పే మనిషిని కాను.

ఒక మధ్యాహ్నం ఆ పిల్ల నన్ను బోర్లించిన మోటారు బాడీ మీద కూర్చోబెట్టి ఆ విద్య ఏమిటో విడమరిచి చెప్పింది. రెండు గిటార్లకూ ఒకే శ్రుతి పెట్టరు. ఒకదాన్ని వెంట్రుకవాసి దించుతారు. అప్పుడు రెండూ ఒకే స్వరం పలికితే ఆ కాస్త తేడా వల్ల మధ్యలో ఒక అల లేస్తుంది, గొంతులో నీళ్ళు పోసుకుని పుక్కిలించినట్టు. డ్రమ్ముల అబ్బాయి ఆ అలను లెక్కపెట్టుకుంటూ తాళం వేస్తాడు. అంటే తాళం మనిషి చేతిలో ఉండదు, తప్పు చేతిలో ఉంటుంది. ఎందుకమ్మా ఈ కష్టం అన్నాను.

"మన పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రా పెడతారు కదా మామా, ఎవురన్నా వింటారా? తియ్యగా ఉంటే తినుకుంటా కూచుంటారు. కుర్చీలో ఏమో గుచ్చినట్టు ఉండాల. అప్పుడే చెవి ఇట్ల తిరుగుతాది."

నా చెవి అప్పటికే తిరిగి వాకిలి వైపు చూస్తోంది. కానీ నేను లేచిపోలేదు. ఎందుకంటే ఆ పాటలకు మాటలు నన్ను రాయమంది. ఊళ్ళో నాకంటే బాగా అబద్ధాలు చెప్పేవాళ్ళు లేరని ఆమె నమ్మకం. నేను పొంగిపోయి వెన్నెల, మల్లెపూలు, ఎదురుచూపులు అన్నీ కలిపి ఒక పాట కట్టి వినిపించాను. "పోదుం మామా" అంది, ఇక చాలు అని కొళాయి కట్టేసినట్టు. వాళ్ళ పాటలకు పల్లవి ఉండకూడదట, చరణం ఉండకూడదట. వాక్యం సగంలో తెగాలట. అర్థం తల ఎత్తేలోపు దాని మీద ఇంకో మాట పడాలట.

అలా మాట్లాడే మనిషి మా ఇంట్లోనే ఉన్నాడని నాకు అప్పుడు తోచింది. మా బావ. ఆయన పంపు విడిభాగాల కోసం స్టోర్సు గుమాస్తాతో ఫోనులో మాట్లాడేటప్పుడు దగ్గర కూర్చుంటే చాలు. మూడు రోజులు టీ నెపంతో ఆయన గదిలో కూర్చుని, విన్నది విన్నట్టు నా ఫోనులోకి చెప్పి మేనకోడలికి పంపాను. ఇంపెల్లరు ఏడ. ఇంపెల్లరు ఏడరా. వచ్చిందా, రాలేదా, వస్తాదా. దేవుడా, గాస్కెట్టు ఏడ. ఇంగ ఎంతసేపు. నేనే వస్తా. నేనే వచ్చి చూస్తా.

ఆమె పరుగున నా షాపుకొచ్చి ఇది ఎవరు రాశారని అడిగింది. నేను నేల చూపులు చూశాను. కవులు అలాగే చూస్తారని ఎక్కడో విన్నాను.

అంతా సవ్యంగా నడుస్తుండగా ఒక రోజు బావ చేతిలో టేపు పట్టుకుని షెడ్డులోకి వచ్చి గోడలు కొలిచాడు. కొత్త లేత్ మిషను వస్తోంది, దాన్ని దించడానికి చోటు కావాలి. కూతురు అడ్డం నిలబడింది. ఆయన కోప్పడలేదు. ఆయన వ్యాపారి, బేరం పెట్టాడు. ఆయుధ పూజ నాడు మిషన్లన్నీ ఆగి ఉంటాయి, ఏటా నాదస్వరం పెట్టిస్తాం, ఈసారి మీరే వాయించండి అన్నాడు.

"పని వాళ్ళు ఉంటారు, చుట్టాలు ఉంటారు. విని ఇది పాట అంటే షెడ్డు నీది. సత్తం, ఉత్త మోత అంటే లేత్ దిగుతాది. సరేనా?"

"సరే నాయనా," అంది ఆ పిల్ల. తర్వాత నాతో చెప్పింది, షెడ్డు పోతే తేని వాడు ఏలకుల కొట్టుకు తిరిగిపోతాడు, రెండోవాడు ఏదో ఒక బ్యాంకులో చేరతాడు, తను కంపెనీలో క్వాలిటీ చూస్తుంది, అంతటితో సరి అని. షెడ్డు అంటే ఆమెకు నాలుగు రేకులు కావు.

ఇక్కడ మా మేస్త్రి గురించి చెప్పాలి. కంపెనీ పెట్టిన నాటి నుంచి పంపులు టెస్టు చేస్తున్నవాడు. నడుస్తున్న మోటారు మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, లోపల ఏ జబ్బుందో చెప్పేస్తాడు. వీళ్ళ మొదటి వారంలోనే షెడ్డులోంచి వస్తున్న మోత విని, పాత మోటారు ఎవరో ఆన్ చేసి మరిచిపోయారనుకుని పరుగెత్తుకొచ్చాడు. స్పీకరు డబ్బా మీద స్క్రూడ్రైవరు పెట్టి, కళ్ళు మూసుకుని విన్నాడు.

"బేరింగ్ బాగానే ఉండాది పాపా. షాఫ్టులు రెండూ ఒకే లైన్లో లేవు. పది నిముషాలు ఇయ్యి, సరి చేస్తా."

"వద్దు తాతా. తెలిసే అట్ల పెట్టినాం."

"తెలిసేనా?" అని ఆయన స్క్రూడ్రైవరు దించాడు. కాసేపు ఉత్త చెవితో విన్నాడు. "చెడిపోయిన మోటారు ఇంత కొలతగా ఆడదు. దీనికి శానా పని పట్టి ఉంటాది."

ఆ రోజు నుంచి టీ వేళకు గ్లాసు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. వాళ్ళ సంగీతానికి కోయంబత్తూరు మొత్తంలో ఉన్న శ్రోత ఆయనొక్కడే. నేను కవిని గనుక లెక్కలోకి రాను.

ఆయుధ పూజ వచ్చింది. లేత్‌లకూ డ్రిల్లింగ్ మిషన్లకూ గంధం, కుంకుమ పెట్టారు. మా అక్క ఆ ఊపులో డ్రమ్ములకూ బొట్లు పెట్టింది. బూడిద గుమ్మడికాయ పగిలింది, బొరుగులు పంచారు. మా మేనకోడలు తెల్లవారినప్పటి నుంచి రెండో గిటారు మీద చెవి ఆనించి, మర ఒక్క రవ్వ తిప్పుతూ, వింటూ, మళ్ళీ తిప్పుతూ కూర్చుంది. ఏడాదిలో మిషన్లు ఆగే రోజు అదొక్కటే కాబట్టి ఆ అల ఎంత వేగంగా లేవాలో అంత కచ్చితంగా పట్టగలిగింది. పని ముగించి, గిటార్ల మీద తువ్వాలు కప్పి, ఎవరూ ముట్టుకోవద్దని పేరు పేరునా చెప్పి భోజనానికి వచ్చింది.

భోజనాలయ్యాక జనం షెడ్డులో చేరారు. పని వాళ్ళూ వాళ్ళ ఇళ్ళవాళ్ళూ, మదురై నుంచి వచ్చిన మా పిన్ని, ఒట్టన్‌చత్రం డీలరు. ముందు వరసలో బావ. నేను ఒక స్తంభం చాటున నిలబడ్డాను.

మొదటిసారి రెండు గిటార్లూ కలిసి మోగాయి. తేనెలో ముంచి తీసినట్టు మోగాయి. అల లేదు, గుచ్చడం లేదు. మా మేనకోడలు తన గిటారు వైపు, దొంగ చేయి నాకుతున్న సొంత కుక్కను చూసినట్టు చూసింది. కానీ ఎదురుగా అంతమంది, ఆపలేదు. డ్రమ్ముల అబ్బాయి పాపం అల కోసం ఎదురుచూశాడు. రాలేదు. లెక్కపెట్టడానికి ఏమీ లేకపోయేసరికి వాడి చేతులు చిన్నప్పుడు శుక్రవారం భజనలో నేర్చిన తాళం అందుకున్నాయి. అది వింటూ మేనకోడలు గొంతు కూడా తనకు తెలియకుండానే సాగింది. ఇంపెల్లరు ఏడ.

దేవుడా అనేసరికి ముసలివాళ్ళు చేతులు జోడించారు. గాస్కెట్టు ఏడ అన్నప్పుడు మా పిన్ని కళ్ళు మూసుకుంది. నేనే వస్తా, నేనే వచ్చి చూస్తా అన్న చోట, భగవంతుడే దిగి వస్తానని మాట ఇచ్చినట్టు, మా బావ కళ్ళవెంట నీళ్ళు కారాయి. వెనక వరసలో స్టోర్సు గుమాస్తా ఒక్కడు మొహం చిట్లించి అటూ ఇటూ చూస్తున్నాడు. ఈ కీర్తన తను రోజూ ఎక్కడో వింటున్నాడు, ఎక్కడో గుర్తురావడం లేదు.

పాట అయ్యాక బావ లేచి, తన అవ్వ అచ్చం ఇలాగే పాడేదని అందరికీ చెప్పాడు. గాస్కెట్టు అనే వస్తువు భూమ్మీదికి రాకముందే పోయిన మనిషి ఆవిడ. తాళంచెవి తీసి కూతురి చేతిలో పెట్టాడు. చప్పట్లు.

జనం వెళ్ళాక మా మేనకోడలు తలుపు మూసి, గిటారు ఎవరు ముట్టుకున్నారని అడిగింది. అక్కడ ఉన్నది నేనూ, మేస్త్రీ, ఆ ఇద్దరు కుర్రాళ్ళూ.

"చేయి ఊరుకోలేదు పాపా," అన్నాడు మేస్త్రి. ఇన్నేళ్ళ అలవాటు కదా, భోజనాల వేళ వచ్చి, ఊగులాట ఆగేదాకా మర తిప్పేశానన్నాడు.

ఆమె నా వైపు తిరిగి అంది, "నా పాట వాళ్ళు వినలే మామా. వినింటే లేత్ దిగినా పరవాయిల్లె." నిజం చెప్పేస్తానని తండ్రి గది దాకా వెళ్ళింది కూడా. ఆయన ఫోనులో కంబంలో ఉన్న తమ్ముడికి భజన గురించి వర్ణిస్తున్నాడు. గుమ్మంలోంచే వెనక్కి వచ్చింది.

ఇప్పుడు షెడ్డు ఆమెదే. కాకపోతే ఏ ఊరి నుంచి డీలరు వచ్చినా బావ భోజనం పెట్టించి, మా అమ్మాయి భక్తి పాట విందురు రండి అని అక్కడికి తీసుకొస్తాడు. ముగ్గురూ రెండు గిటార్లనూ ఒకే శ్రుతికి తెచ్చి గాస్కెట్టు భజన వినిపిస్తారు. డీలర్లు దండం పెట్టుకుని ఆర్డరు రాసిపోతారు. వాళ్ళు గేటు దాటాక ఆమె ఒక తీగను మళ్ళీ వెంట్రుకవాసి వదులు చేసి, తలుపు గడియ వేసుకుంటుంది.

ఇక ఒప్పుకోవలసింది ఉంది. మీరు కాకుల దగ్గర అనుమానపడి ఉంటారు. కాకులు పోయింది నిజం. మిక్సీకి పూచీ ఆ పక్కింటావిడ. నేను కల్పించింది మేస్త్రి చేతిని. భోజనాల మధ్యలో లేచి షెడ్డుకు వెళ్ళింది ఆయన కాదు, నేను. వేళ్ళకు పాయసం అంటుకునే ఉంది. తువ్వాలు తీసి, ఒక్కొక్క తీగా మీటి, అల ఆగేదాకా మర తిప్పాను. వైండింగ్ చేసేవాడికి ఆ మాత్రం చెవి ఉంటుంది. పని అయ్యాక తిరిగి చూస్తే గుమ్మంలో మేస్త్రి ఉన్నాడు. తర్వాత ఆ పిల్ల అడిగినప్పుడు ముందు నా మొహం చూశాడు. నేను పైన రేకులు చూస్తున్నాను. అప్పుడన్నాడు ఆయన, తన చేయి ఊరుకోలేదని.

షెడ్డు పోకూడదనే చేశానని కొన్నాళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది కూడా కల్పనే. పాట గరగరలాడితే బావ తగవు విన్నట్టు ఒక్కో మాటా పట్టి వినేవాడు, రెండో వాక్యానికే తన మాటలని తెలిసిపోయేది. తియ్యగా ఉంటే మాటలు ఎవరూ వినరు. నా షాపుకు వచ్చే మోటార్లలో ముప్పాతిక భాగం ఆయనవి.

ఇంత ధైర్యంగా ఎలా రాస్తున్నానంటే, మా ఇళ్ళలో తరతరాలుగా తెలుగు మాట్లాడడమే గానీ చదవడం ఎవరికీ రాదు. బడి అంతా తమిళం, ఇంగ్లీషు. నేను తిరుపతిలో మూడేళ్ళు పనిచేసినప్పుడు బస్సు బోర్డులు చూసి అక్షరాలు పట్టాను. ఈ కథ అచ్చయిన పుస్తకం మా అక్క ఇంట్లో బల్ల మీద పెట్టినా దీని మీద కాఫీ గ్లాసు పెడతారు. మేస్త్రికీ చదవడం రాదు, ఆయన చదివి తెలుసుకోవలసిందీ లేదు. మునుపు నేను కంపెనీకి వెళ్తే, రాప్పా టీ తాగుదాం అనేవాడు. ఇప్పుడు అనడు. ఇది మాత్రం నేను కల్పించింది కాదు.